బాయి కప్పు... బండి కప్పు

మా మంచిర్యాల వైపు 'కప్పు' అనే మాటకు మూడర్థాలున్నాయి. హోటల్లో అయితే చాయ్. బొగ్గుబాయిలో అయితే నెత్తిమీదుండే రాతిపొర. సైకిల్ షాపులో అయితే హ్యాండిల్ కింద, ఫ్రేము ముందు గొట్టానికి పైనొకటీ కిందొకటీ బిగించే ఉక్కు గిన్నె. మొదటిది ఒలికితే చొక్కా పాడవుతుంది. మిగతా రెండిటి సంగతి అంత తేలిక కాదు.

సైకిల్లో ఏమేముంటాయని పిల్లల్ని అడగండి. చక్రాలు, చైను, బ్రేకులు, బెల్లు అని గబగబా చెప్పేస్తారు. కప్పుల ఊసు ఎవరూ ఎత్తరు. నిజానికి మనం హ్యాండిల్ తిప్పితే చక్రం తిరిగేది వాటివల్లే. రెండు కప్పుల్లోనూ గ్రీజు పూసి, వరసగా ఉక్కు గోళీలు పేర్చి, వాటి మధ్యలోంచి ఫోర్కు గొట్టాన్ని పైకి తీసి, పైన నట్టు బిగిస్తారు. ముందు చక్రం గుంతలో పడిన ప్రతిసారీ ఆ దెబ్బ మొదట తగిలేది కింది కప్పుకే. చైను తెగితే బండి ఆగిపోతుంది, ట్యూబు పేలితే చప్పుడవుతుంది. కప్పు వదులైతే మాత్రం చాలా రోజులు 'టక్... టక్' తప్ప ఏమీ ఉండదు. బ్రేకు పట్టినప్పుడు హ్యాండిల్ ఒక్క పిసరు ముందుకు తూగుతుంది. రోడ్డు బాగాలేదులే అనుకుని తొక్కేస్తుంటాం.

ఈ 'టక్ టక్' గురించి రాయాలని నేనెప్పుడూ అనుకోలేదు. మా అక్క కొడుకు ఒక సెకండ్‌హ్యాండ్ సైకిల్ కొనేదాకా.

షిఫ్టు సైకిళ్లు

బాయి ఊళ్లలో పెరిగినవాళ్లకు సైకిలంటే షిఫ్టు. పొద్దున 7 గంటలకు మొదటిది, మధ్యాహ్నం 3కు రెండోది, రాత్రి 11కు మూడోది. సైరన్ మోగే వేళకు శ్రీరాంపూర్, నస్పూర్, మందమర్రి రోడ్ల మీద సైకిళ్లు వాగుల్లా కదిలేవి. క్యారియర్‌కు టిఫిన్ డబ్బా, హ్యాండిల్‌కు నీళ్ల సీసా. వచ్చేటప్పుడు అదే మనుషులు, అదే సైకిళ్లు... రంగు మాత్రం ఒక్కటే, నలుపు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షమందికి పైగా పనిచేసేవారు. ఇప్పుడు అందులో సగం మంది కూడా లేరు. ఉన్నవాళ్లు మోటార్‌సైకిళ్ల మీద డ్యూటీకి పోతున్నారు. బాయి ముందున్న సైకిల్ స్టాండుకు పేరు మాత్రం మారలేదు.

మా నాన్నది అట్లాస్ సైకిల్. పెళ్లిలో వాచీ, రేడియోతోపాటు వచ్చింది. నేను దాని మీదే కైంచి తొక్కడం నేర్చుకున్నాను. సీటు అందదు కాబట్టి ఫ్రేము సందులోంచి కాలు పెట్టి సగం సగం పెడల్ తొక్కడమన్నమాట. హర్యానాలోని సోనిపట్‌లో 1951లో పుట్టిన అట్లాస్ కంపెనీ చివరి ఫ్యాక్టరీ 2020 జూన్ 3న సాహిబాబాద్‌లో మూతపడింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం కూడా! ఆ వార్త చదివి వినిపిస్తే నాన్న "మనదింకా నడుస్తున్నది గద" అని మాత్రం అన్నాడు.

నడవక చస్తుందా? దానికి చాచా ఉన్నాడు కదా.

చాచాది మార్కెట్‌కు పోయే సందులో రేకుల షాపు. డెబ్భై దాటాడు. మేమంతా చిన్నప్పట్నుంచీ చాచా అనే పిలుస్తాం. అసలు పేరుతో పనిపడినవాళ్లు తక్కువ. వానాకాలం మొదలైతే బాయి సైకిళ్లన్నీ వరసగా ఆయన ముందు కప్పు విప్పించుకునేవి. నీళ్లు, బొగ్గుపొడి కలిసి లోపలికి దిగితే అది గ్రీజు కాదు, సానరాయి. గోళీలు కప్పును తినేస్తాయి. కొన్నాళ్లకు కప్పులో చిన్న చిన్న గుంటలు పడి, హ్యాండిల్ సరిగ్గా మధ్యకు రాగానే 'టిక్' మని కూచుంటుంది. అలాంటి బండి చేతులు వదిలి తొక్కడానికి బాగుంటుందని కుర్రాళ్లు మురిసేవాళ్లు. చాచా తిట్టేవాడు. "అది నీ మాట ఇంటలేదురా... దాని గుంటల అది పోతున్నది!"

ఆయన దగ్గర ఒక లెక్క ఉంది. కప్పు చుట్టూ గోళీలు నిండుగా పేర్చి, ఒక గోళీ తీసేయాలి. ఆ ఒక్క గోళీ జాగా వదిలితేనే మిగతావి తిరుగుతాయి. నిండుగా పెడితే ఒకదాన్నొకటి రాసుకుని అరుగుతాయి. ఎన్ని గోళీలు అని ఎవరడిగినా అంకె చెప్పడు. "ఒకటి తక్కువ" అంటాడు.

నల్ల ఫోర్కు

మా వాడికి పంతొమ్మిదేళ్లు. ఇంజినీరింగ్ రెండో ఏడు. హైదరాబాద్‌లో ఎవరో వాడి వదిలేసిన రేసు సైకిల్‌ను, రెండేళ్లుగా దాచుకున్న డబ్బులన్నీ పెట్టి కొనుక్కొచ్చాడు. సన్నటి టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్. ఫ్రేము అల్యూమినియం, ముందు ఫోర్కు మాత్రం కార్బన్. చిటికెన వేలితో లేపొచ్చు. వాడి కోరికల్లా బ్రెవే. అంటే పోటీ కాదు, గడువు. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో ఎవరి సాయం లేకుండా తొక్కాలి. ఫ్రాన్స్‌లో మొదలైన ఈ ఆనవాయితీ ఇప్పుడు మన దగ్గరా బాగా నడుస్తోంది. పేరు నమోదు చేసుకున్నాడు. ఇంకా మూడు వారాలుంది.

నేను సెలవు మీద ఇంటికొచ్చిన రోజున వాకిట్లో ఆ సైకిల్ పెట్టి చూపించాడు. "చిన్నమ్మా, లేపి చూడు" అన్నాడు. లేపాను. దించుతుంటే చప్పుడైంది. టక్.

మా నాన్న అరుగు మీద కూచుని పేపర్ చదువుతున్నాడు. తల ఎత్తకుండానే "మళ్ల దించు" అన్నాడు. మళ్లీ దించాను. మళ్లీ టక్. "కప్పు లూజున్నది. భాయ్ దగ్గరికి తీస్కపో" అన్నాడు. ఆ తర్వాత ఏమనుకున్నాడో పేపర్ మడిచి తనే చెప్పులేసుకున్నాడు.

చాచా ముందు బ్రేకు పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపాడు. ఎడమచేతి వేళ్లు కప్పు దగ్గర ఆనించి ఉంచాడు. ఇది ఇంట్లో మీరూ చేసి చూసుకోవచ్చు. బ్రేకు పట్టి ఊపినప్పుడు వేళ్ల కింద కదలిక తెలిసిందంటే కప్పు వదులైనట్టే. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్‌ను మెల్లగా తిప్పాలి. గరగరమంటే లోపల అరిగినట్టు, బరువుగా తిరిగితే మరీ బిగించినట్టు.

"పాత బండి కాదు ఇది. నట్టు ఎక్కడున్నది?" అన్నాడు చాచా.

నట్టు ఉండదు. అట్లాస్ లాంటి బండ్లకు ఫోర్కు గొట్టం పైన మరలుంటాయి. పై కప్పును ఆ మరల మీద తిప్పి, లాక్‌నట్టు వేస్తారు. కొత్త రకం సైకిళ్లకు మరల్లేని గొట్టం. ఈ పద్ధతి 1990ల మొదట్లో వచ్చి, పోను పోను మామూలు గేర్ల సైకిళ్లకూ పాకింది. హ్యాండిల్‌ను పట్టుకునే స్టెమ్ అనే బిళ్ల గొట్టాన్ని బయటినుంచి కౌగిలించుకుంటుంది. పైన మూత, మూతలో ఒక బోల్టు. ఆ బోల్టు పనల్లా గొట్టాన్ని పైకి లాగి, బేరింగులను కావలసినంత దగ్గరికి నొక్కడమే. ఆ తర్వాత స్టెమ్ బోల్టులు బిగిస్తే పట్టంతా వాటిదే. చాలామంది మూత బోల్టే అన్నిటినీ పట్టి ఉంచుతుందనుకుని బలంకొద్దీ తిప్పేస్తారు. బేరింగులు చస్తాయి, వదులు మాత్రం పోదు.

మా వాడు ఇదంతా ఫోన్లో వీడియోలు చూపిస్తూ చెప్పాడు. చాచా కళ్లద్దాలు సర్దుకుని విన్నాడు. ఆ వయసులో, ఆ అనుభవంతో, ఓ పంతొమ్మిదేళ్ల కుర్రాడు చెప్పేది అంత శ్రద్ధగా వినేవాళ్లు మా ఆఫీసులో కూడా తక్కువే.

బొగ్గు బంధువు

ఇంతకీ కార్బన్ అంటే? మా నాన్న అదే అడిగాడు. "కార్బన్ అంటే బొగ్గే కదరా?"

బొగ్గుకు దగ్గరి చుట్టమే. 1879లో ఎడిసన్ తన బల్బు కోసం నూలుదారాన్ని మాడ్చి చేసిన తీగె కూడా ఈ వంశందే. ఇప్పటి కార్బన్ దారానికి దారి చూపింది 1960ల మొదట్లో జపాన్‌లో అకియో షిండో, ఆ వెంటనే ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రం. మన స్వెట్టర్లకు వాడే అక్రిలిక్ ఊలు లాంటి దారమే ముడిసరుకు. దాన్ని గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలు దాటించి కాలుస్తారు. కార్బన్ తప్ప మిగతాదంతా ఎగిరిపోతుంది. మిగిలిన పోగు మన వెంట్రుకలో పదోవంతు లావు కూడా ఉండదు. అలాంటి పోగుల్ని బట్టలా పరిచి, జిగురు పట్టించి, అచ్చులో వేడిచేస్తే ఫోర్కు.

తారు నుంచి తీసే కార్బన్ దారం కూడా ఒక రకముంది. అది చెబితే నాన్న మొహం వెలిగింది. నస్పూర్ దగ్గర ఆటోవాళ్లు "సీసీసీ... సీసీసీ" అని అరుస్తుంటారు కదా. అది కోల్ కెమికల్ కాంప్లెక్స్. బొగ్గును గాలి లేకుండా వేడిచేసి, పొగరాని బొగ్గూ తారూ తీయడానికి పెట్టిన కర్మాగారం. అది ఏనాడో మూతపడింది. అక్షరాలు మూడూ స్టాపు పేరుగా మిగిలాయి. "అది నడిస్తే మనమే చేసేటోళ్లం గీ ఫోర్కులు" అన్నాడు నాన్న. అంత సులువు కాదని నాకు తెలుసు. అయినా కాదనలేదు.

గోరు ఆగిన చోటు

చాచా మూత తీసి, స్టెమ్ వదులు చేసి, ఫోర్కును కిందికి లాగాడు. కింది బేరింగు తుప్పు ముద్ద. ఫోర్కు మెడ దగ్గర కూచునే క్రౌన్ రేస్ అనే రింగు అంచు పెచ్చులూడి ఉంది. మారిస్తే సరిపోతుంది, పెద్ద ఖర్చు కాదు. మా వాడు ఊపిరి పీల్చుకున్నాడు.

చాచా గుడ్డతో గొట్టాన్ని తుడుస్తున్నాడు. తుడుస్తూ ఆగిపోయాడు. స్టెమ్ బిగించి ఉన్న చోట గొట్టం చుట్టూ సగందాకా సన్నటి గీత. గోరుతో అడ్డంగా గీకాడు. గోరు ఆగింది. వాడి చేతికిచ్చాడు. వాడి గోరూ ఆగింది.

"పెయింట్ గీత కావచ్చు తాతా" అన్నాడు వాడు, చాచాతో కాదు, మా నాన్నతో.

నాన్న జేబులోంచి రూపాయి బిళ్ల తీశాడు. గొట్టాన్ని రెండు వేళ్ల మధ్య వేలాడేసి, కింది నుంచి బిళ్లతో కొట్టుకుంటూ పైకి వచ్చాడు. టక్, టక్, టక్... ఒకే శ్రుతి. గీత దగ్గరికి రాగానే చప్పుడు మారింది. డబ్. మళ్లీ కొట్టాడు. డబ్. షాపులో ఎవరూ మాట్లాడలేదు.

మా నాన్న 34 ఏళ్లు బాయిలో పనిచేశాడు. బదిలీ ఫిల్లర్‌గా చేరి, పరీక్ష రాసి మైనింగ్ సర్దార్ అయ్యాడు. సర్దార్ అంటే షిఫ్టు మొదలయ్యేముందు పని జాగాకు పోయి, గ్యాసుందా, గాలాడుతోందా, కప్పు గట్టిగా ఉందా అని చూసేవాడు. ప్రమాదమనిపిస్తే మనుషుల్ని వెనక్కి పంపాల్సింది ఆయనే. కప్పును చూసే పద్ధతి ఎంత పాతదో అంత నికార్సైనది. ఓ చెయ్యి కప్పుకు ఆనించి, రెండో చేత్తో కర్రతో కొట్టాలి. గట్టి రాయైతే ఖణేల్ మంటుంది. పొర విడిచి ఉంటే డోలు మీద కొట్టినట్టు 'డబ్' మంటుంది, ఆనించిన అరచేతికి అదురు తెలుస్తుంది. కంటికి మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి.

ఫోర్కు సంగతీ అంతే. ఇనుము విరిగేముందు వంగుతుంది. అట్లాస్ ఫోర్కు గుద్దుకుంటే వెనక్కి వంగిపోయేది, చాచా కాళ్ల మధ్య పెట్టి సాపు చేసేవాడు. కార్బన్‌కు వంగడం పెద్దగా రాదు. లోపల పొరలు విడిపోతూ పైకి నున్నగానే ఉండి, ఒక రోజు విరుగుతుంది. మీద మనిషున్నప్పుడే విరుగుతుంది, ఎందుకంటే బరువు పడేది అప్పుడే కదా. ఆ మాటకొస్తే లోహానిదీ పూర్తి భరోసా కాదు. 2006లో ఫ్రాన్స్‌లోని పారిస్-రూబే రేసులో జార్జ్ హింకాపీ అనే పేరున్న అమెరికన్ రైడర్ రాళ్ల బాట మీద పోతుండగా ఇదే గొట్టం విరిగింది. హ్యాండిల్ చేతికొచ్చేసింది. పడి భుజం దెబ్బతింది. ఆయన సైకిల్లో ఆ గొట్టం అల్యూమినియందే. వెనకాల కార్లో మెకానిక్కులు, డాక్టర్లు ఉన్న మనిషి ఆయన. మావాడి వెనకాల ఉండేవి ఇందారం రోడ్డు మీది బొగ్గు టిప్పర్లు.

నాణెం చప్పుడే చివరి మాట కాదని ఇక్కడ చెప్పాలి. జిగురు ఎక్కువైన చోటా, గోడ మందం మారిన చోటా చప్పుడు మారుతుంది. పెద్ద సంస్థల్లో అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తారు. మంచిర్యాలలో మాకున్నవి ఒక గోరు, ఒక రూపాయి బిళ్ల, ఒక రిటైర్డ్ సర్దార్ చెవి. మూడూ ఒకే మాట చెప్పాయి.

"ఇది పెట్టద్దు" అన్నాడు నాన్న.

విరిగేదేనా?

ఆ రాత్రి ఇంట్లో అన్నాలు సరిగ్గా సాగలేదు. కొత్త ఫోర్కు ఖరీదు, వాడు సైకిల్‌కు పెట్టినదాంట్లో మూడోవంతు. తెప్పించడానికి రోజులు పడుతుంది. బ్రెవే పోతుంది. అమ్మినవాడికి ఫోన్ చేస్తే "నేను తొక్కినన్ని రోజులు బాగానే ఉంది" అన్నాడట. అబద్ధం కాకపోవచ్చు. ఎవరో ఎప్పుడో స్టెమ్‌ను బలంకొద్దీ బిగించిన గీత అది.

"ఆ ఒక్క రైడ్‌కు ఆగుతుందేమో తాతా. మెల్లగా తొక్కుతా" అన్నాడు వాడు.

నాన్న వెంటనే జవాబివ్వలేదు. తర్వాత నాకెప్పుడూ చెప్పని సంగతొకటి చెప్పాడు. సర్దారైన కొత్తలో ఒక రాత్రి షిఫ్టులో కప్పు చప్పుడు నచ్చక పదకొండు మందిని వెనక్కి తెచ్చాడట. ఆ రాత్రి బొగ్గు రాలేదు. కప్పూ కూలలేదు. మర్నాడు దిమ్మెలు నిలబెట్టి పని మొదలుపెట్టారు. వారం గడిచినా కూలలేదు. తోటివాళ్లు చాన్నాళ్లు "పిరికి సర్దార్ వచ్చిండు, టోపీలు సర్దుకోండి" అని ఆటపట్టించేవాళ్లట.

"మరి తప్పు చూశావా తాతా?"

"తెల్వదు" అన్నాడు నాన్న. "దిమ్మెలు పెట్టకపోతే కూలేదేమో, కూలకపోయేదేమో. ఎట్ల తెలుస్తది? తెల్వాలంటే ఆ పదకొండు మందిని కింద నిలబెట్టి చూడాలె."

మా అక్క లేచి గిన్నెలు తీసింది. వాడు మరి మాట్లాడలేదు. మర్నాడు పొద్దున చూస్తే ఫోన్లో ఫోర్కుల ధరలు వెతుకుతున్నాడు. సగం డబ్బు నాన్న ఇచ్చాడు. ఇస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు, నాకు బ్యాంకు మెసేజ్ చూసిపెట్టమన్నప్పుడు తెలిసింది.

సుత్తి లేని రిపేరు

కొత్త ఫోర్కు వచ్చేసరికి నేను మళ్లీ ఓ ఆదివారం వీలు చేసుకుని వెళ్లాను. ఫీచర్ రాద్దామని కాదు, చాచా ఏం చేస్తాడో చూద్దామని.

ముందు బేరింగుల కొలతలు. ఈ ఫ్రేముకు కప్పులు విడిగా ఉండవు, గొట్టం అంచునే కప్పులా మలిచారు. బేరింగు చేత్తో పెడితే కూచుంటుంది. కానీ అందులోనే తిరకాసు. చూడటానికి ఒకేలా ఉండే బేరింగుల్లో ఒకటి 41 మిల్లీమీటర్లు, ఇంకొకటి 41.8. అంచు వాలు ఒకదానికి 36 డిగ్రీలైతే ఇంకొకదానికి 45. తేడా వస్తే బిగించిన రోజు బాగానే ఉంటుంది, నెల తిరక్కుండా టక్ టక్ మొదలు. పాత బేరింగు తుప్పును గీకి అంకెలు చదివి, వెర్నియర్‌తో కొలిచి మరీ తెప్పించాడు మా వాడు. చదువుకు అలా అయినా పనిపడింది.

తర్వాత క్రౌన్ రేస్. చాచా అలవాటు కొద్దీ ఇనుప గొట్టం, సుత్తి తీశాడు. ఆయన జీవితంలో ఎన్ని వేల రింగులు అలా దిగాయో. గొట్టం పెట్టి నాలుగువైపులా సమంగా కొడితే 'ఠంగు' మని చప్పుడు మారుతుంది, అంటే అడుక్కి కూచున్నట్టు. ఇక్కడ ఆ పని కుదరదు. రింగు కూచునే గద్దె కూడా కార్బనే. సుత్తి దెబ్బ రింగుకు కాదు, లోపలి పొరలకు తగులుతుంది. బిగువుగా ఉందని ఆకురాయి పెట్టినా పోగులు తెగుతాయి. అందుకే ఒకచోట కోసి ఉన్న రింగు వస్తుంది. కొంచెం విడదీసి, బొటనవేళ్లతో నొక్కితే దిగిపోతుంది. చాచా నొక్కాడు. దిగింది. రింగు చుట్టూ కాగితం ముక్క దూర్చి చూశాడు, ఎక్కడా దూరలేదు.

"గంతేనా?" అన్నాడు నిరాశగా.

గొట్టం కోయడం దగ్గర నాన్న రంగంలోకి దిగాడు. కొత్త ఫోర్కు గొట్టం పొడుగ్గా వస్తుంది, మన ఎత్తుకు తగ్గట్టు కోసుకోవాలి. కోయాల్సిన చోట చుట్టూ టేపు వేసి, సన్నపళ్ల రంపంతో మెల్లగా కోయాలి. ఒకేవైపు నుంచి చివరిదాకా లాగితే అంచు పోగులు చీలిపోతాయి. ముప్పావు వంతు కోసి, తిప్పి రెండోవైపు నుంచి ముగించాలి. మా వాడు రంపం పట్టగానే నాన్న ఆపాడు. మొహానికి తడిగుడ్డ కట్టాడు, మాస్కు మీద! రంపం మీద నీళ్లు పోస్తూ నిలబడ్డాడు. "నల్లధూళి సంగతి నాకు చెప్పకు. కండ్లకు కనపడేది కాదు, కనపడందే ఊపిరితిత్తుల కూసుంటది" అన్నాడు. బాయిలోనూ ధూళి లేవకుండా నీళ్లే చల్లుతారు. 34 ఏళ్ల తర్వాత కూడా చలికాలం తెల్లవారుజామున ఆయన దగ్గు వింటే ఆ మాటకు ఎదురు చెప్పబుద్ధి కాదు.

లోహపు గొట్టమైతే లోపల నక్షత్రంలాంటి నట్టును సుత్తితో దించుతారు. కార్బన్‌లో దాని పళ్లు పోగుల్ని కోసేస్తాయి. బదులుగా లోపల వ్యాకోచించి పట్టుకునే ప్లగ్గు పెడతారు. అది గొట్టానికి లోపలినుంచి బలం కూడా. మరోసారి చాచా సుత్తి పక్కన పెట్టాల్సి వచ్చింది. గ్రీజు కూడా అంతే. బేరింగుల దగ్గర సరే, స్టెమ్ పట్టే చోట అసలు కూడదు. అక్కడ ఇసుకలా గరుకుగా ఉండే పేస్టు రాస్తారు, తక్కువ బిగువుకే పట్టు దొరకాలని.

చివరికి అసలు చిక్కు. స్టెమ్ బోల్టుల పక్కన 5 న్యూటన్ మీటర్లు అని చెక్కి ఉంది. అంతకుమించి బిగిస్తే పాత ఫోర్కు కథే. టార్క్ రెంచి కోసం పక్క వీధి కార్ల షెడ్డుకు పోతే, వాళ్ల రెంచీలో మొదటి అంకే దీనికి చాలా ఎక్కువ. కారు చక్రాల నట్లకు పనికొచ్చేది దీనికెలా పనికొస్తుంది? సైకిళ్లకు వాడే చిన్నది తెప్పించాలంటే ఇంకో నాలుగు రోజులు. మావాడి మొహం వాడిపోయింది.

"ఐదంటే ఎంత?" అని అడిగాడు చాచా.

వాడు కాగితం మీద లెక్కేసి, 10 సెంటీమీటర్ల పానా కొసకు 5 కిలోలు వేలాడదీసినంత అని చెప్పాడు. చాచా లేచి ఎదురుగా ఉన్న కిరాణా షాపుకు వెళ్లాడు. ఖాళీ నూనె డబ్బాలో నీళ్లు పోయించి, డబ్బాతో కలిపి సరిగ్గా 5 కిలోలు తూయించి తెచ్చాడు. అలెన్ కీ మీద బోల్టు మధ్య నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర సుద్దతో గీత. కీని అడ్డంగా పెట్టి, గీత దగ్గర డబ్బా మెల్లగా వదిలాడు. కీ కొంచెం దిగి ఆగింది. తీసి మళ్లీ అడ్డంగా పెట్టి వదిలాడు. ఇంకాస్త దిగింది. తర్వాత రెండో బోల్టు. మళ్లీ మొదటిది. ఎంత వదిలినా కదలని దాకా.

ఇంజినీరింగ్ కాలేజీలో వాడికి ఈ పాఠం పరీక్షలో నాలుగు మార్కులట. వాడు డబ్బాకు ఫోటో తీసుకున్నాడు. ఇప్పుడు వాడి దగ్గర చిన్న టార్క్ కీ ఉంది. అది రాగానే చాచా బిగించిన బోల్టుల మీద పెట్టి చూశాడు. పావు చుట్టు కూడా తిరగకుండానే టిక్కుమంది.

చాచా కూలీ దగ్గర పేచీ వచ్చింది. సుత్తి ఎత్తని పనికి డబ్బులెట్లా తీసుకోవాలంటాడు. నాన్న రెండొందలు బలవంతంగా జేబులో పెడితే, వంద తిరిగిచ్చి, పాత ఫోర్కు తనకు వదిలేయమన్నాడు. ఎందుకంటే చెప్పలేదు. అది ఇప్పుడు షాపులో దూలానికి వేలాడుతోంది, గొట్టం గీత దగ్గర రెండు ముక్కలుగా కోసి. ఎవరూ మళ్లీ తీసుకుపోయి బిగించుకోకుండా అన్నమాట.

బ్రెవే ఎటూ దాటిపోయింది. ఇంకోటి చలికాలంలో ఉందట. బండి బిగించిన మర్నాడు పొద్దున్నే మా వాడు శ్రీరాంపూర్, ఇందారం మీదుగా గోదావరి వంతెన దాకా వెళ్లి, గోదావరిఖని కనిపించేచోట కాసేపు నిలబడి వెనక్కి వచ్చాడు. వాడు లోపలికి స్నానానికి పోగానే నాన్న అరుగు దిగి, ముందు బ్రేకు పట్టి, వేళ్లు కప్పు దగ్గర ఆనించి బండిని రెండుసార్లు ఊపాడు. తర్వాత ఎందుకో రూపాయి బిళ్ల తీసి ఫోర్కు పొడుగునా కొట్టుకుంటూ వచ్చాడు. నేను కిటికీలోంచి వింటున్నాను. కింది నుంచి పైదాకా ఒకే చప్పుడు.